రెండో డికాక్షన్

ఆ రోజుల్లో నాకు రెండు విషయాలు క్షుణ్ణంగా తెలుసనుకునేదాన్ని, కాఫీ, న్యాయం. ఈ రెంటి మీదా ఎవరు మాటకొచ్చినా వదిలేదాన్ని కాదు. (ఇప్పుడూ వదలను. మాటకొచ్చేవాళ్లే లేరు.) మొదటి ఉద్యోగానికి ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చి బళేపేటలో ఒక గాజుల కొట్టు మీది గదిలో దిగాను. ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. ఆఫీసులో నా అవసరం హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ ఉన్నట్టు తోచేది కాదు. కింద కొట్టు వెనక ఉండే ఇంటి యజమాని అవ్వ మాత్రం పొద్దున్నే "ఏం పాపా, లేసినావా? కిందికి రా" అని కేకేసి, వంటింట్లో పీట వేసి కాఫీ ఇచ్చేది. రోజు మొత్తంలో నన్నెవరైనా పిలవడం అదొక్కటే.

ఒకరోజు చిక్కటి మొదటి డికాక్షన్ ముందుగదిలో కూర్చున్న ఎవరో పెద్దమనిషికి వెళ్లడం చూశాను. ఫిల్టరులో మిగిలిన పొడి మీదే అవ్వ మళ్లీ వేడినీళ్లు పోసింది. ఆ దిగిందే నా గ్లాసులోకి వచ్చింది. ఇంకేముంది! "నేనేం తక్కువదాన్నని అవ్వా, నాకీ కడుగునీళ్లు?" అన్నాను. పనిలో పనిగా పొడిలో చికోరీ ఎక్కువైందనీ, నీళ్లు అంతలా మరిగించకూడదనీ ఉపన్యాసమిచ్చాను. "నీ నోట్లో నాలికుండాదా, కత్తుండాదా తల్లీ?" అంది అవ్వ.

మర్నాటి నుంచి నాకు మొదటి డికాక్షనే, అదీ వెండి గ్లాసులో. కాకపోతే ముందుగదిలో, కుర్చీలో, ఒక్కదాన్నే. వంటింట్లోంచి నవ్వులు వినిపించేవి. గెలిచానని మూడు రోజులు మురిశాను. నాలుగో రోజు అవ్వ కోడలు మెట్ల దగ్గర చెప్పింది: "ఫస్టుది వచ్చినోళ్లకక్కా. రెండోది మా ఇంట్లోవాళ్లకి. అత్త కూడా అదే తాగతాది."

ఆ ఆదివారం వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. "తప్పయిందవ్వా" అంటే సరిపోయేది. దిగుతూ రెండుసార్లు అనుకున్నాను కూడా. "మీరు లోపలికి యాల వచ్చినారు? ముందుగదిలో కూసోండి, అక్కడికే తెస్తా" అంది అవ్వ. ఆ 'మీరు' ఎక్కడో తగిలింది. నా నోట్లోంచి వచ్చిన మాటేమిటంటే, "చికోరీ మాత్రం నిజంగానే ఎక్కువవ్వా." రెండు నెలలకు హాస్టలుకు మారిపోయాను.

ఇప్పుడు ఈ ఊళ్లోనే, వర్తూరులో నా ఫ్లాటు. ఇత్తడి ఫిల్టరు, పొడిని అడుక్కి నొక్కే గాజు ప్రెస్సు, పొయ్యి మీద బుసకొట్టే మోకా పాత్ర, వడకట్టే కాగితం వేసే గరాటు, అన్నీ కొన్నాను. గరాటులో నీళ్లు సన్నటి ధారగా, గుండ్రంగా తిప్పుతూ పోయాలి. ప్రెస్సులో పోశాక నాలుగు నిమిషాలు ఆగాలి. (ఆ నాలుగు నిమిషాలూ గోడతో వాదిస్తాను. గోడ ఓడిపోతుంది.) ఏ పద్ధతిలో చేసినా అద్భుతంగా వస్తుంది, ఒకే ఒక్క కప్పు. మొన్న పొద్దున బాల్కనీలో కాఫీ తాగుతూ, ఊరికే, "తప్పయిందవ్వా" అని పైకే అని చూశాను. ఇన్నేళ్లకు బాగానే పలికింది. పక్క బాల్కనీలో బట్టలారేస్తున్న ఆవిడ తల తిప్పి, "ఏమండీ, నన్ను పిలిచారా?" అంది, నవ్వుతూ. "మిమ్మల్నెందుకు పిలుస్తానండీ!" అన్నాను ఠక్కున. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నోట్లో కత్తున్న ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు. పాపం, జుట్టు మాత్రం నెరిసింది.