మేకపిల్లల తలంటు

మా ఆవిడ ఆన్‌లైన్లో మేకపాల సబ్బు తెప్పించింది. పొద్దున్నే స్నానాలగదిలో దాని అట్టపెట్టె మీద ఓ మేకపిల్ల నా వైపు చూసి నవ్వుతోంది. మేకలు నవ్వవు. నన్ను చూసైతే అసలే నవ్వవు. మేకకీ సబ్బుకీ మధ్య ఎంత దూరం ఉండాలో తెలియక ఒకప్పుడు నేను చేసిన బుద్ధితక్కువ పనికి ఓ ప్రాణం పోయింది, ఇంకొకటి పోబోయింది, మా మామగారి ముందుపన్ను ఊడింది, నా తొడ మీద గుంటలు మిగిలాయి. ఇలాంటివాణ్ణి తెలివైనవాడనుకుని ఒక కంపెనీ ఉద్యోగం కూడా ఇచ్చింది మరి.

సికింద్రాబాదంతా సాఫ్ట్‌వేర్ అంటూ ఊగిపోతున్న రోజులవి. మాది విజయనగరం వైపు, మా ఆవిడ వాళ్లది ఇక్కడే. పద్మారావు నగర్లో అద్దెకుండేవాళ్లం. ప్రాజెక్టు లేక కంపెనీ నన్ను బెంచి మీద పెట్టింది. చిన్నప్పుడు బడిలో బెంచీ ఎక్కిస్తే దాన్ని శిక్ష అన్నారు, పెద్దయ్యాక జీతమిచ్చి మరీ కూర్చోబెట్టారు. నా చదువులో వచ్చిన అభివృద్ధి అదే. ఇంట్లో ఖాళీగా తిరుగుతున్నానని మా ఆవిడ నన్ను ఊరి చివర వాళ్ల నాన్నగారి చెలకకి తోలేసింది. కాస్త జొన్న, కూరగాయల మడులు, ఓ కొట్టం నిండా మేకలు. ఆఫీసులో బగ్గులు ఏరేవాణ్ణి, అక్కడ మేకల ఒంటి మీద పిడుదులు ఏరేవాణ్ణి. పిడుదులే నయం, వాటిని పుట్టించింది నేను కాదు.

ఓ చలికాలం పొద్దున మామగారూ అత్తగారూ తవుడు కొనడానికి రెజిమెంటల్ బజారు వెళ్లారు. నేనూ, మా బామ్మర్దీ కాపలా. అప్పుడే నల్లమేక ఈనింది. రెండు పిల్లలు, ఒళ్లంతా జిగురు, నెత్తురు, వణుకు. మా ఇంట్లో బిడ్డ భూమ్మీద పడితే ముందు వేణ్ణీళ్లు, తర్వాతే ముద్దులు. మా అమ్మ నీళ్లు పోయని పిల్ల మా వంశంలో లేదు. ఆ అలవాటు కొద్దీ నీళ్లు కాచి, తల్లి నాకుతున్న పిల్లల్ని లాక్కొచ్చి, గంధం సబ్బుతో తలంటేశాను. పౌడరు కూడా అద్దాను. బామ్మర్ది గట్టు మీద కూర్చుని పల్లీలు నములుతూ, "పోయ్ బావా, మంచిగ పోయ్! చెవులెనక సుత రుద్దు," అన్నాడు. వాడు మేకల మధ్యే పెరిగినవాడు. ఏం జరగబోతోందో వాడికి తెలుసు.

ఘుమఘుమలాడుతున్న పిల్లల్ని తల్లి ముందు వదిలాను. నల్లమేక ఒకదాని వాసన చూసి, వెనక్కి జరిగింది. బిడ్డ అందాన్ని దూరం నుంచి చూసుకుంటోందనుకున్నాను. తల దించి ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల గాల్లోకి లేచి, రాతిగోడకి కొట్టుకుని, నెత్తురు కక్కుకుని కాసేపు తన్నుకుని ఆగిపోయింది. దాని ఒంటి నుంచి ఇంకా గంధం వాసనే వస్తోంది. రెండోదాని మీదికి వెళ్తుంటే అడ్డం పడ్డాను. కొమ్ము నా పక్కటెముకలకి తగిలి ఊపిరాడలేదు.

తిరిగొచ్చిన మామగారు చచ్చిన పిల్లని ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఏందయ్యా అల్లుడా, పెండ్లికి తయారు చేసినవా?" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

"నేను వద్దన్న నాయినా. బావ ఇంటెనా?" అన్నాడు బామ్మర్ది, పల్లీపొట్టు ఊదుకుంటూ.

"ఊకోండ్రి, పాపం," అన్నారు అత్తగారు. ఆ పాపం నా మీద జాలో, నేను చేసిందో అర్థం కాలేదు.

మిగిలిన పిల్ల బతకాలంటే తల్లిపాలు తాగాలి. తల్లేమో, తన వాసన లేని పిల్ల తనది కాదనుకుని దాన్ని చంపాలని చూస్తోంది. పూటపూటా యుద్ధమే. నేను కొమ్ములు పట్టుకుంటే, బామ్మర్ది వెనక కాళ్లు పట్టుకుంటే, మామగారు పిల్లని పొదుగుకి అదిమేవారు. ఓసారి గిట్ట ఆయన నోటికి తగిలి పన్ను తవుట్లో పడింది. నెత్తురు ఉమ్మి, "పట్టు, ఇడవకు," అన్నారు. అంత చేసినా దానికి అందేది గుక్కెడే. పిల్ల ఖాళీ సంచిలా వేలాడిపోయింది.

చివరికి అత్తగారు, "ఒక కుక్కను తేండ్రి. కుక్కను జూస్తే తల్లికి పిల్ల యాదికొస్తది," అన్నారు. వాళ్ల పుట్టింటివైపు పాత పద్ధతట. బామ్మర్ది రొట్టెముక్క చూపించి ఓ వీధికుక్కని తాడేసి తెచ్చాడు. రొట్టె ఒకదానికే చూపించాడు గానీ వెనకాల గుంపంతా వచ్చింది. తడిక తోసుకుని కొట్టంలో పడ్డాయి. ఒకటి పిల్లని కాలు పట్టి ఈడ్చింది. నేను దాని మీద పడ్డాను, ఇంకొకటి నా మీద పడింది. తొడలో పళ్లు దిగాయి. పిల్ల కీచుమని అరిచింది. అంతే, నల్లమేక తాడు తెంచుకుంది. పిల్లని పట్టిన కుక్కని గుంజకేసి కుమ్మింది; ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. మామగారు పారతో, అత్తగారు రోకలితో మిగతావాటిని బాదారు. కుక్కలు కుంటుకుంటూ పోయాక చూస్తే, నల్లమేక పిల్లని తన కాళ్ల మధ్య పెట్టుకుని మా అందరికీ కొమ్ములు చూపిస్తోంది. వంగి దాని నెత్తురు నాకింది. పిల్ల పొదుగు కింద దూరి, తోకాడిస్తూ తాగింది.

"బతికింది అల్లుడా," అన్నారు మామగారు, పన్నులేని నోటితో.

బామ్మర్ది మాత్రం నా చిరిగిన ప్యాంటు చూసి పగలబడి నవ్వాడు. స్కూటరు మీద ఆస్పత్రికి తీసుకెళ్తూ దారంతా నవ్వాడు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు పొడిచే రోజులవి. నాకు పొడిచాక డాక్టరు, "ఇంకెవరికైనా పన్ను గానీ గోరు గానీ తగిలిందా?" అని అడిగాడు. గోడకానుకుని నవ్వుతున్న బామ్మర్ది మోచేతి మీద ఓ ఎర్రటి గీత కనబడింది. తడికపుల్ల గీరిందనే ఇప్పటికీ నా నమ్మకం.

"ఈయనకి కూడానండి. సూదులంటే భయం, చెప్పడు," అన్నాను.

"అరె, నాకేం కాలే సార్! బావా, ఏందే గిది? చెప్పు సార్‌కు!"

"అందరూ అలాగే అంటారు. చొక్కా ఎత్తు," అన్నాడు డాక్టరు. వాడి భుజాలు నేనే పట్టుకున్నాను. మేక కంటే ఎక్కువే గింజుకున్నాడు.

నల్లమేక ఆ నెల తిరక్కుండానే నా చేతిలోంచి తుమ్మకాయలు తింది. బామ్మర్దికి జుట్టు నెరిసింది గానీ, నన్ను చూడగానే చెయ్యి ఇంకా పొట్ట మీదికే పోతుంది. మరిచిపొమ్మని కాలం మేకని తొందరపెట్టినంతగా మనుషుల్ని తొందరపెట్టదు.