వలపేలికతో కట్టిన మూట

అంకాలమ్మకు అసహ్యం ఎక్కువ. ఎండుచేపలు అమ్ముకుని బతికే మనిషికి ఇంత అసహ్యం ఏమిటని పట్టపుపాళెంలో అందరూ నవ్వేవారు. ఎవరి బుట్టలోనైనా సరే చేయి పెట్టి, ఒక చేపను విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని, నచ్చకపోతే "ఛీ" అని బుట్టగలావిడ కళ్ళముందే ఇసుకలో పారేసేది. అందుకే ఆమెను ముక్కు అంకాలమ్మ అనేవారు. నేను ఆ ఊరి ఏకోపాధ్యాయ పాఠశాలకు 1959లో బదిలీ మీద వచ్చాను. వచ్చిన నెలలోనే ఆమె నా వంటింట్లో దూరి, నేను కోట సంతలో కొన్న ఉప్పుచేపలు వాసన చూసి, నన్ను అడగకుండానే తీసుకుపోయి కాకులకు వేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు తను ఎండబెట్టిన నెత్తళ్ళు, వేలెడంత సన్నచేపలు, దోసెడు తెచ్చిచ్చింది. అవి వేయించుకు తిన్నాక నేను మళ్ళీ కోట సంతలో ఉప్పుచేప కొనలేదు.

ఆమె చేతిలో పని రెండు రకాలు. తినే చేపకు కడుపు కోసి, కడిగి, కుండలో ఉప్పు పట్టించి, గుంజలకు కట్టిన వల మీద ఆరబెట్టేది. ఇసుక తగలనిచ్చేది కాదు. ఒక్కోరోజు కవళ్ళనే చౌకరకం చేపలు వలల్లో కుప్పలుగా పడి, కొనే దిక్కు లేక మెత్తబడిపోయేవి. అప్పుడు వాటిని ఉప్పూ లేకుండా, కడగనూ కడగకుండా ఒడ్డున ఇసుకలో పరిచేసేవారు. వాటిని కుక్కలు తొక్కేవి, పురుగు పట్టేది. ఎండాక పారతో ఎత్తి తాటాకు చాపల్లో మూట కట్టేవారు. అది ఎరువు. గూడూరు వైపు నిమ్మతోటల వాళ్ళు చెట్ల మొదట్లో వేసుకోవడానికి బండ్లు కట్టుకొచ్చి తీసుకుపోయేవారు.

ఈ రెండూ పొరపాటున కూడా కలవకూడదని ఆమె పంతం. తినే చేపల మూటను తాటినారతో కట్టేది. ఎరువు మూటకు చిరిగిన వలపేలిక చుట్టి మూడు ముళ్ళు వేసేది.

"నార కడితే నోటికి, పేలిక కడితే నేలకి. కళ్ళు లేనోడు గూడా తడిమి చెప్పాల" అనేది. ఆమె మూడు ముళ్ళ కట్టు ఆ తీరంలో ఇంకెవరికీ రాదు.

పంచాయతీ వాళ్ళ బ్యాటరీ రేడియో సాయంత్రాలు సావిడి అరుగు మీద పెట్టేవారు. నెలకో ఆదివారం పిల్లల కార్యక్రమంలో గూడూరు శారోను బోర్డింగు మగపిల్లల బృందం పాడేది. వాళ్ళవి మా క్రైస్తవుల పాటలు. అంకాలమ్మ మొక్కేది గంగమ్మకు. అయినా ఆ ఆదివారం చేపల పని తొందరగా ముగించి, చేతులు బూడిదతో తోమి, నిమ్మతొక్కతో రుద్దుకుని, అరుగు ముందు అందరికంటే ముందు కూర్చునేది. తుపానులో చిక్కిన దోనె పాట ఒకటి ఉంది వాళ్ళది. చివర్లో తక్కినవాళ్ళంతా ఆగిపోతే, ఒక్క పిల్లవాడు "ఒడ్డు కనబడె తండ్రీ" అని గొంతు పైకెత్తుతాడు. అక్కడికి రాగానే ఆమె కళ్ళు మూసుకునేది.

"మొగోణ్ణి సముద్రం మీదికి తోలి కూచునేదానికి ఆ ఒక్క ముక్క చాలు టీచరమ్మా" అంది ఒకసారి. మళ్ళీ తనే, "ఈళ్ళు బాగా తిన్న బిడ్డలు. కాలే కడుపుతో గొంతు అంత పైకి లేవదు. ఎవురో పుణ్యాత్ముడు కడుపునిండా పెడతా ఉండాడు" అంది. ఒక్కసారి ఆ పిల్లల్ని ఎదురుగా చూసి ఆ పాట వినాలని రెండేళ్ళుగా నా చెవినిల్లు కట్టుకుని పోరేది.

ఆమె దగ్గర ఎరువు తీసుకుపోయేవాళ్ళలో సంజీవరావు అని ఒకాయన ఉండేవాడు. మల్లెపువ్వు లాంటి పంచె, గొడుగు, ముక్కుకు అడ్డంగా జేబురుమాలు. తనకు అయిదెకరాల నిమ్మతోట ఉందని చెప్పేవాడు. నెలనెలా బండితో వచ్చి ఆరేడు మూటలు వేయించుకుపోయేవాడు. మా పాళెంలో మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. అయినా అంకాలమ్మకు ఆయనంటే గౌరవం. "చెట్లు ఎట్టుండాయి సామీ?" అని ప్రతిసారీ అడిగేది. "బాగా కాస్తున్నాయమ్మా" అని ఆయన రుమాలు లోపలినుంచే జవాబిచ్చేవాడు.

1962 ఫిబ్రవరిలో మా పాస్టరుగారు నాకొక కరపత్రం ఇచ్చారు. శారోను బోర్డింగు వార్షికోత్సవం, శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు పిల్లల పాటకచేరీ, అందరూ ఆహ్వానితులే. అంకాలమ్మకు చదివి వినిపించాను. ఆమె వారం రోజులు కష్టపడి వంజరం ముక్కలు ఉప్పు వేసి ఆరబెట్టి, పిల్లలకోసం పెద్ద మూట కట్టింది. తాటినారతోనే కట్టింది. కొత్త కోక కట్టుకుంది. తెల్లారి కాలవను దోనెలో దాటి, కోట దాకా నడిచి, బస్సెక్కి గూడూరు చేరాం.

బోర్డింగు ముందు పెద్ద పందిరి వేశారు. ముందు వరసలో సోఫాలు, ఆ వెనక కుర్చీలు, ఆఖరున జంపఖానా. నాకు ఆఖరి వరసలో కుర్చీ, అంకాలమ్మకు నా వెనకే జంపఖానా చూపించారు. అంకాలమ్మను చూసి, ఆమె ఒళ్ళో మూటను చూసి, పన్నీరు చల్లే కుర్రాడు ఇంకో రెండుసార్లు చల్లిపోయాడు. నా పక్కన కూర్చున్న ప్రమీలమ్మగారిది మా సంఘమే. ఆవిడ కొంగు ముక్కుకు పెట్టుకుని కుర్చీ జరుపుకుంది. ముఖానికి పూసిన పౌడరు చెమటకు గీతలుగా కారుతోంది. ఆవిడ సెంటు వాసనా, వెటకారపు దగ్గులూ నాకు రోత పుట్టించాయి. కానీ నిజం చెప్పాలి. నేను కూడా కుర్చీ ఒక జానెడు జరుపుకున్నాను.

ఉపన్యాసాలు గంటన్నర సాగాయి. తెల్లచొక్కాలు, నీలం నిక్కర్లు వేసుకున్న ముప్పైమంది పిల్లలు అంతసేపూ బోర్డింగు మెట్ల మీద ఎండలో నిలబడే ఉన్నారు. వాళ్ళ కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. ఒక్కొక్క పెద్దమనిషీ లేచి ఈ అనాథలకు తండ్రి, మన సూపరింటెండెంటుగారు అంటూ పొగిడి కూర్చుంటున్నాడు. చివరికి ఆ తండ్రి లేచి దండ వేయించుకున్నాడు. ఆయన సంజీవరావు.

వెనక జంపఖానా మీదనుంచి అంకాలమ్మ నా వీపు గోకింది. "మన నిమ్మతోట సామి. చూసినావా? ఆ కాయలమ్మి ఈ బిడ్డల్ని సాకతా ఉండాడు. నేను పుణ్యాత్ముడన్నానా లేదా?" ఆమె ముఖం వెలిగిపోతోంది.

అప్పుడు పాట మొదలైంది. రేడియోలో విన్నదానికీ దీనికీ పొంతన లేదు. ముప్పై గొంతులు ఒక్కసారి లేస్తే పందిరి గుంజలు అదిరినట్టనిపించింది. నేను వెనక్కి తిరిగి చూస్తే అంకాలమ్మ మూటను పట్టుకుని ఏడుస్తోంది. దోనె పాట చివరికొచ్చింది. పిల్లలంతా ఆగారు. గుండు చేయించిన ఒక చిన్నవాడు ముందుకొచ్చి గొంతెత్తబోయి, కడుపు పట్టుకుని వంగిపోయాడు. మరుక్షణం మెట్లు దిగి పందిరి వెనక్కి పరుగెత్తాడు. ఇంకొకడు ఆ ముక్క అందుకుని ఎలాగో ముగించాడు. జనం గొల్లున నవ్వారు.

"ఈ పిల్లలకు తిండియావ ఎక్కువండీ. ఏదో అడ్డమైంది తినుంటాడు" అంది ప్రమీలమ్మగారు.

అంకాలమ్మ నవ్వలేదు. "లెయ్ టీచరమ్మా. ఈ మూట వంటింట్లో ఇచ్చి ఆ బిడ్డెట్టుండాడో చూసొద్దాం" అంది.

వెనక రేకుల షెడ్డులో ఒక పక్క అతిథుల కోసం పలావు గుండిగలు దిగుతున్నాయి. నెయ్యి వాసన ఘుమఘుమలాడుతోంది. అంకాలమ్మ గడపలోనే ఆగిపోయింది. ముక్కు రెండుసార్లు ఎగబీల్చింది. నాకు పలావు వాసన తప్ప ఏమీ తెలియలేదు. ఆమె మాత్రం నేరుగా మూలనున్న సామాన్ల గదిలోకి నడిచింది. అక్కడ గోడవారగా తాటాకు చాపల మూటలు అయిదు ఉన్నాయి. ఒక్కొక్క దానికీ వలపేలిక, మూడు ముళ్ళు.

వంటామె మగ్దలీనమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెద్దావిడ.

"ఇయ్యి ఎందుకమ్మా ఈడుండేది?" అని అడిగింది అంకాలమ్మ.

"పిల్లోళ్ళ కూరకి. వారంలో నాలుగు దినాలు ఇయ్యే."

"తోటకి గదా?"

"ఏం తోట? ఈ అయ్యకి పెరట్లో తులసి మొక్క గూడా లేదు. చింతపండు నీళ్ళలో నానేసి, మూడుసార్లు కడిగి, పురుగులేరి, గొడ్డుకారమేసి వండతా. పురుగు పోతాది గానీ ఇసక పోదు. సన్నోళ్ళకి కడుపులు నిలవవు. నాకు చెప్పేదానికి నోరెక్కడిది తల్లీ, ముసలిదాన్ని, ఈడే పడుండా."

గుండు పిల్లవాడు బావి దగ్గర కూర్చుని నోరు పుక్కిలిస్తున్నాడు. పేరు దావీదట. అంకాలమ్మ వాడి ముందు గొంతుక్కూర్చుంది.

"పొద్దున ఏం తిన్నావు నాయనా?"

"చేప."

"ఎట్టుండింది?"

"ఇసక ఇసగ్గా" అన్నాడు.

దండ వేసిన చేతులు, పన్నీరు, పొగడ్తలు అన్నీ కలిసి కుళ్ళు కంపు కొట్టాయి. ఇంత రోత పుట్టినదాన్ని నేను అన్న మాటేమిటో తెలుసా? "పద అక్కా, బస్సు వెళ్ళిపోతుంది." ముందు వరండాలో పలావుకు చేరినవాళ్ళంతా ఆదివారం గుడిలో నాకు ఎదురుపడేవాళ్ళు. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆమె నా మాట విననైనా లేదు. సామాన్ల గదిలోకి తిరిగిపోయి, ఒక పేలిక మూట ముళ్ళు విప్పి, అందులోంచి ఒక కవళ్ళ చేప తీసుకుని వరండాలోకి నడిచింది. అతిథులు పళ్ళేలతో నిలబడి తింటున్నారు. సంజీవరావు మెడలో దండ ఇంకా అలాగే ఉంది.

"చెట్లు ఎట్టుండాయి సామీ?" అని అడిగింది, నెలనెలా అడిగే గొంతుతోనే.

ఆయన ముఖం పాలిపోయింది. "ఎవరమ్మా నువ్వు?"

"అట్టనబాకండి సామీ. బాగా కాస్తున్నాయంటారు గదా ఎప్పుడూ. ఇయ్యేనా మీ చెట్లు?" పందిరి కింద తమ పళ్ళేల కోసం వరసలో నిలబడ్డ పిల్లల్ని చూపించింది. చేపను ఆయన చేతిలోని పలావు మీద పెట్టింది. "తినండి."

అందరూ రుమాళ్ళతో ముక్కులు మూసుకున్నారు. ఎవరో "ఈవిణ్ణి లోపలికి రానిచ్చిందెవరు" అన్నారు. సంజీవరావు ఆమె దగ్గరికి వంగి, పళ్ళు బిగించి, తక్కినవాళ్ళకు వినపడకుండా అన్నాడు. పక్కనే ఉన్నాను గనక నాకు వినిపించింది.

"అమ్మింది నువ్వు కాదూ?"

"ఔ. అమ్మింది నేనే" అని, అంకాలమ్మ ఆ చేపను తీసి తన నోట్లో పెట్టుకుంది. నమిలింది. పళ్ళ కింద ఇసుక కరకరలాడడం వరండా అంతా విన్నది. ఒక్క ముక్క కూడా ఉమ్మకుండా మింగింది. బాగా ఎండని నెత్తళ్ళను కూడా కాకులకు వేసే మనిషి ఆమె. ప్రమీలమ్మగారు చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది.

తర్వాత వంటింట్లోకి పోయి తాటినార మూటను మగ్దలీనమ్మ చేతిలో పెట్టింది. "ఇది నోటిది. ఈ పూటే వండి పెట్టు" అని చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద కూర్చుని కక్కుకుంది. దోనె రెండుసార్లు వచ్చి పోయేదాకా నోరు కడుగుతూనే ఉంది.

నేను సంఘం పెద్దలకు నా పేరుతోనే ఉత్తరం రాశాను. ముగ్గురు పెద్దలు విచారణకు వెళ్ళి, పలావు తిని, సంజీవరావుకు ఇంకో దండ వేసి వచ్చారు. అంకాలమ్మ మాత్రం ఉత్తరాలు రాసే మనిషి కాదు. ఎరువు కుప్పలు ఎండుతుండగానే కడవలతో పేడనీళ్ళు తెచ్చి వాటి మీద కుమ్మరించడం మొదలుపెట్టింది. పాళెంలో ఆడవాళ్ళు ఆమెకు పిచ్చి పట్టిందన్నారు.

"తోటకైతే పేడ పడితే మేలే గదా. వొద్దనేవోడెవుడో చూద్దాం" అంది.

నిమ్మతోటల బండ్లు వచ్చి సంతోషంగానే తీసుకుపోయాయి. సంజీవరావు బండి కూడా వచ్చింది. ఆయన రాలేదు, బండి తోలే ఆదెయ్య ఒక్కడే వచ్చాడు. మూట విప్పి, వేళ్ళకు పేడ అంటుకుంటే అంకాలమ్మ ముఖం చూశాడు. "ఇది మా సామికి పనికిరాదమ్మా" అన్నాడు. ఖాళీ బండి గట్టు దాటేదాకా ఆమె నిలబడి చూసింది. అది మళ్ళీ రాలేదు. వేరే తీరానికి పోయిందో ఏమో, నాకు తెలియదు. ప్రతి నెలా కోట బస్సులో మగ్దలీనమ్మకు ఒక నారమూట మాత్రం వెళ్ళేది. తోటలవాళ్ళు వద్దనకపోవడం చూసి పాళెం వాళ్ళందరూ అదే పద్ధతి పట్టుకున్నారు, ఇప్పటికీ ఎరువు కుప్పల మీద పేడనీళ్ళు పోస్తారు.

ఆ ఏడాది మార్చిలోనే ఒక ఆదివారం రేడియోలో మళ్ళీ శారోను పిల్లలు పాడారు. దోనె పాటే వచ్చింది. పిల్లలంతా ఆగి, ఆ ఒక్క గొంతు లేవబోయే చోట అంకాలమ్మ ఒళ్ళో నెత్తళ్ళు దులుపుకుని లేచింది.

"నీకిష్టమైన పాట గదమ్మే, యాడికి?" అన్నారెవరో.

"పళ్ళ కింద ఇసక తగలతా ఉంది" అని ఇంటికి వెళ్ళిపోయింది.