ఇరవై నాలుగు గజాలు

గాబ్రియేలుకు భయమంటే ఏమిటో నలభై మూడో ఏట తెలిసింది. అదీ కర్నూలు బస్టాండుకు దగ్గర్లో, పట్టపగలు పదకొండు గంటలకు, పదిమంది చూస్తుండగా.

అంతకుముందు ఇరవై అయిదేండ్లు కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లో బావులు తవ్వాడు. నడుముకు మోకు కట్టుకుని దిగి, రాతికి బొక్క వేసి, మందు కూరి, వత్తి అంటించి, పైవాళ్ళు చేదితే పైకి వచ్చేవాడు. వాళ్ళు ఒక్క క్షణం ఆలస్యం చేస్తే ఏమవుతుందో తెలిసి కూడా తాపీగా బీడీ ముట్టించుకున్న మనిషి. తర్వాత బోరుబండ్లు వచ్చాయి. వరసగా మూడేండ్లు వానలు మొగం చాటేశాయి. ఒక్క పూటలో మూడు వందల అడుగులు దిగే బండి ఉండగా ఆర్నెల్లు తవ్వే మనిషి ఎవరికి కావాలి? 2004 వేసవిలో గాబ్రియేలు పెండ్లాం కృపమణిని వెంటబెట్టుకుని కర్నూలు చేరాడు. చాపా, చెంబూ, బావిమోకూ తప్ప ఇంకేమీ తెచ్చుకోలేదు.

ఒక బట్టల వ్యాపారి ఏడంతస్తుల లాడ్జి కట్టిస్తున్నాడు. అక్కడి మేస్త్రీ బసవన్న ఆ మోకు చూసే వాళ్ళను పనిలో పెట్టుకున్నాడు. పై అంతస్తు అంచున ఇనుప దూలం బయటికి చాచి గిలక బిగించి ఉంది. కింద ఇద్దరు మోకు లాగితే ఇటుకల తొట్టి పైకొస్తుంది. అంచున నిలబడినవాడు ఒంగి, గాలిలో ఊగే తొట్టిని పట్టి లోపలికి లాక్కోవాలి. బావులు తవ్వేవాడికి ఇది ఉగ్గుపాలతో వచ్చిన విద్య అని బసవన్న లెక్క. బసవన్న మరిచిపోయింది ఒకటే. బావి దగ్గర గాబ్రియేలు ఎప్పుడూ తొట్టి పట్టినవాడు కాదు. ఆయనే తొట్టి.

మొదటి రోజు అంచుకు రెండడుగుల దూరంలోనే ఆగిపోయాడు. స్తంభం కడ్డీలు పట్టుకుని చతికిలబడ్డాడు. తుంగభద్ర ఇసక, కొండారెడ్డి బురుజు, బస్సుల పైకప్పులు అన్నీ ఒక్కసారే తిరిగాయి.

"ఏమప్పా, పాతాళం దాకా దిగినోడివంట. ఈడ కూలబడితివే" అన్నాడు బసవన్న. తిట్టలేదు, అదే నయం. "ఈ గిలక మనిషి శనివారం ఊరికి పోతాండాడు. అంతదాకా చూస్తా. ఆపైన నీ దావ నువ్వు చూసుకో."

ఆ రోజు మంగళవారం.

సలహాలకు కరువు లేదు, వానలకు ఉన్నట్టు. కిందికి చూడొద్దన్నారు ఒకరు. చూడకుండా తొట్టి ఎట్లా పడతారో చెప్పలేదు. సారా ఒక గుక్క వేసుకోమన్నారు ఇంకొకరు. బుధవారం సాయంత్రం ప్రార్థనకు పోతే పాస్టరు లేవి అయ్యగారు నెత్తిన చెయ్యి పెట్టి, "కండ్లు మూసుకో గాబ్రియేలు, ప్రభువును తలుచుకో, ఆయనే నిలబెడతాడు" అన్నారు. ఏడో అంతస్తు అంచున కళ్ళు మూసుకోవడం! ఆ సలహా పాటించినవాడికి ప్రభువు దర్శనం తొందరగానే అవుతుంది.

కృపమణి మాత్రం నెత్తిన సిమెంటు గమేళా పెట్టుకుని రోజుకు నలభైసార్లు ఆ ఏడంతస్తులూ ఎక్కి దిగుతూనే ఉంది. "నిస్సీ నాయనా, నాకేమైనా అవుతాండాదా? నేను గమేళాను చూస్తా, మెట్టును చూస్తా. అంతే" అంది. నిస్సీ వాళ్ళ కూతురు, ఊళ్ళో అవ్వ దగ్గరుంది.

"నీకు తెలీదు మే" అన్నాడు.

ఏం తెలీదో ఆయనకూ వెంటనే తట్టలేదు. ఆ రాత్రి మోకు తలకింద పెట్టుకుని పడుకున్నప్పుడు తట్టింది. ఆయన ఆఖరున తవ్వింది సోమక్క చేలో బావి. ఇరవై ఆరు గజాలు. ఒడ్డున నిలబడి తొంగిచూస్తే తల తిరగలేదు ఏనాడూ. మూడో గజంలో ఎర్రమొరం, తొమ్మిదిలో సుద్ద, పదిహేను నుంచి నల్లరాయి. ప్రతి గజమూ తనకు ముఖపరిచయం. ఈ బిల్డింగు అట్లా కాదు. తను వచ్చేసరికే నిలబడి ఉంది. దీని లోతు తను తవ్వింది కాదు.

బావిమోకుకు గజానికొక గుడ్డపీలిక కట్టి ఉంటుంది. గురువారం మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు గాబ్రియేలు మొదటి అంతస్తుకు పోయి, బోర్లా పడుకుని, మోకుకు ఇనపముక్క కట్టి కిందికి వదిలాడు. పీలికలు లెక్కపెట్టాడు. చేదుకున్నాడు. రెండో అంతస్తుకు పోయాడు.

"ఎన్ని గజాలకు నీళ్ళు పడినాయప్పా?" అని కింద నుంచి అరిచారు. అందరూ నవ్వారు. నాలుగో అంతస్తుకు వచ్చేసరికి నవ్వి నవ్వి వాళ్ళకే విసుగొచ్చింది. ఆయన మాత్రం ఆపలేదు. ఆరో గజంలో కిటికీ సజ్జ, పదో గజంలో పగిలిన పైపు, పదమూడులో ఎవరో ఆరేసిన తువ్వాలు. గజం గజం పేరు పెట్టుకుంటూ వచ్చాడు.

శుక్రవారం సాయంత్రం ఏడో అంతస్తు. అంచు దాకా నిలబడి పోలేకపోయాడు, పాకి పోయాడు. మోకు వదిలాడు. ఇనపముక్క కింద ఇసక కుప్పను తాకింది. ఇరవై నాలుగు. చేతిలో ఇంకా రెండు పీలికలు మిగిలి ఉన్నాయి.

కాసేపు వాటినే చూశాడు. మోకాళ్ళ మీదికి లేచాడు. దూలం పట్టుకుని నిలబడ్డాడు. కిందికి చూశాడు.

"ఇంతేనా" అన్నాడు.

శనివారం పొద్దున వేరే తాడొకటి నడుముకు చుట్టి, రెండో కొస స్తంభానికి కట్టి, గిలక దగ్గర నిలబడ్డాడు. అప్పటిదాకా ఆ పనిచోట నడుముకు తాడు కట్టుకున్నవాడు లేడు. కట్టుకుంటే మొగతనానికి లోటు. గాబ్రియేలుకు ఆ పట్టింపు లేదు. బావిలో తాడు కట్టుకోని మొగవాళ్ళు ఏమయ్యారో చూసిన మనిషి. మధ్యాహ్నానికి నూటపది తొట్లు లోపలికి దించుకున్నాడు. వారం తిరిగేసరికి ఇంకో ఇద్దరు కూడా తాళ్ళు కట్టుకున్నారు.

"ఎట్ల పోయిందప్పా బయం?" అని అడిగాడు బసవన్న.

"యాడికీ పోలేదన్నా. ఇరవై నాలుగు గజాలుండాది."

ఆదివారం లేవి అయ్యగారు సాక్ష్యం చెప్పమని లేపారు. ప్రభువు భయం తీసేసిన వైనం వినాలని చర్చి అంతా చెవులు నిక్కించింది. గాబ్రియేలు మోకు సంగతి చెప్పాడు, పీలికల సంగతి చెప్పాడు, సోమక్క బావి కన్నా రెండు గజాలు తక్కువేనని చెప్పి కూర్చున్నాడు. ఆ మోకు కూడా దేవుడిచ్చిందేనని అయ్యగారు సర్దుకున్నారు. కావచ్చు. పీలికలు మాత్రం కృపమణి చీరలవి.

సోమవారం కృపమణి గమేళాతో ఏడో అంతస్తుకు వచ్చింది. గమేళా దించింది. స్తంభానికి ఆనుకుని మెల్లగా కూర్చుండిపోయింది.

"ఏమ్మే, ఏమాయె?"

"సోమక్క బావికి నీకు సంగటి తెచ్చేదాన్ని గదా. పది బారల దూరంలోనే పెట్టి పోతాంటి. ఏనాడూ ఒడ్డుకు రాలేదు, బయమై. ఈ బిల్డింగు ఆ బావంత ఉండాదని నాకెందుకు చెప్తివి? చర్చిలో చెప్పకుంటే నీకేం పోయేది?"

గాబ్రియేలు అంచున ఒంగాడు. తొట్టి పైకొస్తోంది, చేతులు ఖాళీ లేవు.

ఆమె కొంగుతో మొగం తుడుచుకుంది. తర్వాత, "ఆ మోకు యాడుండాది?" అంది.

గడ్డంతో చూపించాడు. కృపమణి పాక్కుంటూ అంచుకు పోయి, బోర్లా పడుకుని మోకు వదిలింది. ఇనపముక్క తాకాక ఒక్కొక్క పీలికా తడుముతూ, లెక్కపెడుతూ చేదుకుంది. పద్దెనిమిది దగ్గర చెయ్యి ఆగింది. మట్టి పట్టిన తెల్లగుడ్డ. అంచున సన్నటి జరీ.

"ఇది నా పెండ్లి చీర" అంది.

గాబ్రియేలు గిలక వైపు ఎన్నడూ లేనంత శ్రద్ధగా చూశాడు.

"మూడేండ్లు ఊళ్ళో పెట్టెలో వెతికితి. ఎలుకలు కొట్టినాయంటివే. ఎలుకలేనా ఇవి?" లేచి నిలబడింది. చేతిలో మోకు, ఇంకో చెయ్యి నడుము మీద. కింద ఇటుకలెత్తేవాళ్ళు పని ఆపి తలలెత్తి చూస్తున్నారు.

"మే, అంచున నిలబడినావు" అన్నాడు గాబ్రియేలు నెమ్మదిగా.

"తెలుసులే" అంది కృపమణి. "ఇరవై నాలుగు గజాలు. మాట మార్చాకు."