మొదటి బహుమతి వ్యాసం

నవంబరు ఒకటి వస్తోందంటే మా తిరువూరు బడిలో వ్యాసరచన పోటీ పెట్టాల్సిందే. రాష్ట్రం పుట్టినరోజు మరి! రాష్ట్రం రెండు ముక్కలయ్యాక కొన్నేళ్ళు ఆ పుట్టినరోజు అటకెక్కింది, మళ్ళీ దించారు. మా పిల్లలు మాత్రం గైడులోని అదే వ్యాసం ఏటా బట్టీపట్టి రాస్తారు. "మన రాష్ట్రం అన్నపూర్ణ" అని మొదలవుతుంది. పాతికమంది రాస్తే పాతిక అన్నపూర్ణలు. సోషల్ టీచర్ని కాబట్టి దిద్దే కర్మ నాది.

కిందటేడు ఒక్క కాగితం నా నిద్ర వదలగొట్టింది. రాసింది పెనుగొలను నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి. యాభై ఆరులో ఈ రోజున రాష్ట్రం ఏర్పడిందని రాసి, సరిగ్గా పదేళ్ళకు ఇదే రోజున, ఉక్కు ఫ్యాక్టరీ కావాలని విశాఖలో రోడ్డెక్కిన జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయని రాసింది. కూలిపనికి వెళ్ళిన వాళ్ళ తాతయ్య ఆ రోజు అక్కడే ఉన్నాడట. "మొదటి బహుమతి" అని ఎర్రసిరాతో రాసేశాను.

హెడ్‌మాస్టారు చూసి మొహం చిట్లించారు.

"శుభమా అని పండగ చేసుకుంటుంటే ఈ చావుల గోలేంటి మేడం? ఫస్టు వచ్చింది మైకులో చదివించాలి. స్టేజీ మీద పెద్దవాళ్ళుంటారు. ఆ అన్నపూర్ణల్లో ఒకదానికి ఇచ్చెయ్యండి."

చరిత్ర చెప్పి జీతం తీసుకునేదాన్ని, గొడవపడ్డాననుకున్నారా? నా మొహం! రాసింది కొట్టేసి ఓ అన్నపూర్ణ వ్యాసానికే ఇచ్చాను.

మనవరాలికే ఫస్టు వస్తుందన్న నమ్మకంతో, ఆ వ్యాసం మైకులో వినాలని తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే బస్సులో వచ్చాడు. మైకులో అన్నపూర్ణ వ్యాసమే వినిపించింది. స్టేజీ మీది పెద్దమనుషులు వింటేగా! ఫోన్లు చూసుకుంటూనే చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక తాతామనవరాళ్ళు నా దగ్గరికొచ్చారు.

"నేనేం తప్పు రాశానండీ టీచర్?" అంది పిల్ల.

"దస్తూరి బాగోలేదమ్మా" అన్నాను. ముత్యాల్లాంటి దస్తూరి ఆ పిల్లది. నోరెలా వచ్చిందో, ఛీ!

ముసలాయన హమ్మయ్య అనుకున్నాడు.

"అంతేనాండీ! నేను చెప్పిందాంట్లోనే ఏదో అబద్ధం దొర్లిందేమో, నా మూలాన పిల్లకి ప్రైజు పోయిందేమో అని హడలిపోయానండి" అంటూ రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు.