దాని తన్ను ముందు నేను తినాల

"నాయన పోయినాడక్కా" అని ప్రొద్దుటూరు నుంచి ఉస్తాద్ కూతురు మొన్న ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి ఏడ్చాను.

అరబ్బు దేశంలో, ఉమ్ అల్ క్వైన్‌లో ఒక షూటింగ్ క్లబ్బు. అక్కడ ఆయన తుపాకుల మిస్త్రీ, ఆడవాళ్లకు గురి నేర్పే పని నాది. ముదీర్ నుంచి, అంటే మేనేజర్ నుంచి, డ్రైవర్ దాకా అందరికీ ఆయన ఉస్తాదే. ఒక చేతిలో ఇనుము అరగదీసే ఆకురాయి, ఇంకో చేతిలో పాలు లేని సులేమానీ టీ గ్లాసు. పొరపాటున ఆకురాయినే నోట్లో పెట్టుకుంటారేమోనని ఏడిపించేదాన్ని.

బాగుచేసిన పిస్టల్‌ను ముందు తాను పేల్చి చూడందే ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. "దాని తన్ను ముందు నేను తినాల. తర్వాతే మీరు" అనేవారు. పేలినప్పుడు పిస్టల్ చేతిని వెనక్కి కొట్టే దెబ్బే ఆ తన్ను. ఎంత పెద్దవాళ్లు తొందరపెట్టినా "సబర్, సబర్, ఓపిక పట్టండి" అని నవ్వేవారు.

రెండువేల నాలుగు ప్రాంతంలో, రోలా బజారులో బస్సు దిగుతూ పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక క్లబ్బు పిస్టల్ ఒక్కసారి పేలిస్తే చాలు, ప్రాణం పోయేది. ముదీర్ తేల్చి చెప్పేశాడు, గురువారం తన ముందు పేల్చి చూపించాలి, లేకపోతే ఖలాస్, వీసా క్యాన్సిల్. ఇద్దరు తమ్ముళ్ల చదువు నా జీతం మీదే నడుస్తోంది.

"ఏడవొద్దు పాపా. నీ చెయ్యిని మార్చలేం గానీ పిస్టల్‌ను మార్చొచ్చు" అన్నారు ఉస్తాద్.

పేలగానే వెనక్కి పోయి మళ్లీ ముందుకొచ్చే పైభాగాన్ని స్లైడ్ అంటారు. దాన్ని అక్కడక్కడా కోసి తేలిక చేశారు. వెనక నుంచి కొట్టే చిన్న సుత్తిని, అంటే హామర్‌ను, అరగదీశారు. ఇక ఇచ్చేస్తారనుకున్నాను. పేల్చి చూసి మొహం చిట్లించారు.

"తన్ను తగ్గింది గానీ, తిరిగొచ్చేటప్పుడు పిస్టల్ ముక్కు కిందికి పొడుస్తాంది. తేలిక స్లైడుకు, దాన్ని ముందుకు తోసే పాత గట్టి స్ప్రింగే ఉంచినాను, నా బుర్ర మండ!"

మెత్తటి స్ప్రింగు వేసి మళ్లీ పేల్చారు. ఈసారి నడుమ ఒక తూటా పేలనే లేదు. "సుత్తి మరీ తేలికైపోయింది. బరువంతా తీసేస్తే పని జరగదు పాపా, కొంచెం ఉండాల" అంటూ పాత హామరే బిగించారు. ఆ మాట తర్వాత నన్ను ఎన్ని కష్టాల్లో నిలబెట్టిందో! గురువారానికి మిగిలిన రెండు రోజులూ తానే పేలుస్తూ ఉన్నారు, ఒక్క గుండు కూడా నన్ను పేల్చనివ్వలేదు.

గురువారం వచ్చింది. పిస్టల్ నా చేతిలో కదిలింది, అంతే. ముక్కు కొంచెం లేచి, బుద్ధిగా మళ్లీ గురి మీదికే వచ్చింది. మణికట్టు ఓర్చుకుంది. "మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు, పనిలో ఉండు" అని ముదీర్ వెళ్లిపోయాడు.

వర్క్‌షాపుకు పరిగెత్తాను.

"తన్నిందా పాపా?"

"లేదు ఉస్తాద్."

"మంచిది" అన్నారు. ఆకురాయి బల్ల మీదే పడి ఉంది. ఆయన కుడి మణికట్టు పొంగిన పూరీలా వాచిపోయింది. సులేమానీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా పెదవుల దాకా ఎత్తుకుంటున్నారు.