కొవ్వు పళ్ళెం

మైల్స్ సిటీ బడిలో ముప్ఫై ఏళ్ళు వడ్రంగం నేర్పిన ఆర్విల్ టాంగెన్, కొలవకుండా రంపం పట్టిన పిల్లల్ని తరగతి బయట నిలబెట్టేవాడు. అలా నిలబడ్డవాళ్ళు ఇప్పుడు తాతలయ్యారు. ఎదురుపడితే ఇప్పటికీ జేబులోంచి టేపు తీసి చూపించి నవ్వుతారు.

ఉద్యోగం అయిపోయాక అతనూ భార్య లవాన్ కారు వెనక లాక్కెళ్ళే ఇల్లులాంటి ట్రైలర్ ఒకటి కొనుక్కున్నారు. ప్రతి వేసవీ జనం గుడారాలు వేసుకుని గడిపే, కొండల్లోని టామరాక్ వాగు క్యాంపుకి కాపరులుగా వెళ్ళేవాళ్ళు. ఉండే చోటుకి అద్దె లేదు. మరుగుదొడ్లు కడగాలి, కట్టెలు అమ్మాలి, సాయంత్రం ఒకసారి చుట్టి రావాలి. ఆ చుట్టు తిరిగేటప్పుడు ఆర్విల్ కాపరులకిచ్చే నారింజరంగు పైచొక్కా తొడుక్కునేవాడు. బల్ల మీద మాంసం కాల్చే గ్రిల్లు కనబడితే ఆగేవాడు.

"అది లోపల పెట్టండి. తిండి లేకపోయినా వాసన ఉంటుంది. ఎలుగుకి వాసన కూడా తిండే."

ఈసారి వేసవికి కొత్త గ్రిల్లు కొన్నాడు. దాన్ని ఎంచుకోవడానికి చలికాలమంతా పట్టింది. "చిన్నది కొనవయ్యా, ఉన్నది ఇద్దరమే కదా" అంది లవాన్. అతను పెద్దదే కోరుకున్నాడు. ట్రైలర్ పక్కన ఉండే సామాన్ల అరను పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచి, కాగితం మీద బొమ్మ గీసి, దుకాణంలో ఆ కాగితం చూపించి మరీ కొన్నాడు.

అరను కొలిచాడు. అర తలుపును కొలవలేదు.

గ్రిల్లు అడుగున కొవ్వు కారి పడే పళ్ళెం ఒకటి ఉంటుంది. అది రెండు వేళ్ళ మందం కిందికి దిగి ఉంది. అది తగిలి గ్రిల్లు తలుపు దగ్గర ఆగిపోయేది. పళ్ళెం లాగేస్తే లోపలికి పోతుంది. కానీ కాలుతున్న కొవ్వుతో ఉన్న పళ్ళేన్ని అరలో ఉన్న లవాన్ కుర్చీ దిండ్ల పక్కన ఎలా పెడతాడు? చల్లారనిచ్చి కడగాలి. వంటయ్యేసరికి మోకాళ్ళు లాగేవి. పళ్ళేన్ని ట్రైలర్ మెట్టు కిందికి తోసి, మీద బకెట్టు బోర్లించి, పొద్దున్నే ఎవరూ లేవకముందు కడిగేసేవాడు. పెద్దది కొన్నందుకు తప్పు ఒప్పుకోవడం కంటే అదే సులువనిపించింది.

జులైలో ఒక శుక్రవారం క్యాంపులో పదకొండో నంబరు చోటులోకి బోయిసీ ఊరి నుంచి ఎచెవెర్రీ దంపతులు వచ్చారు. పెళ్ళయి ఏడాది కాలేదు. బల్ల మీద తిండి ఉన్న ఐసు పెట్టె వదిలేశారని ఆర్విల్ అందరూ వినేలా మందలించాడు. ఆ కుర్రాడు మార్టిన్ ముఖం ఎర్రబడింది. వెంటనే పెట్టె కారులో పెట్టి తాళం వేశాడు. ఆర్విల్ నిలబడి చూశాడు.

తెల్లవారుతుండగా మెట్టు కింద బకెట్టు దొర్లింది. ఆర్విల్ తెర తొలగించాడు. అటవీశాఖ వాళ్ళు చెవికి నీలం బిళ్ళ తగిలించిన ఎలుగు ఒకటి పళ్ళేన్ని ముంగాళ్ళ మధ్య పట్టుకుని నాకుతోంది. అతను మూకుడు మీద గరిటెతో బాదాడు. అది తీరిగ్గా లేచి పదకొండో చోటుకి నడిచింది. అక్కడి గుడారం చీలిన చప్పుడు, మార్టిన్ భార్య అరుపు వినబడ్డాయి. అందరూ కేకలేస్తే చెట్లలోకి పోయింది.

ఆర్విల్ మొదట చేసిన పని, పళ్ళేన్ని తెచ్చి ట్రైలర్ స్నానాల గదిలో దాచడం.

రేంజర్ షెల్బీ వచ్చేసరికి పదకొండో చోటు చుట్టూ జనం ఉన్నారు.

"నిన్న ఐసు పెట్టె బయటే పెట్టారమ్మా వీళ్ళు" అందొక పెద్దావిడ.

"మీరు చెప్పారా ఆర్విల్ గారూ వీళ్ళకి?" అని అడిగింది షెల్బీ.

"చెప్పాను" అన్నాడు ఆర్విల్.

"చెప్పాక లోపల పెట్టాం కదండీ! మీరే చూశారు కదా" అన్నాడు మార్టిన్.

ఆర్విల్ తన బూట్ల లేసుల వంక చూశాడు.

షెల్బీ నిట్టూర్చి, ఆ దంపతుల పేర జరిమానా కాగితం రాసింది. "సామాను సర్దుకోండి. ఆ ఎలుగు మనుషుల దగ్గరికి రావడం ఇది మూడోసారి. బోను తెప్పిస్తున్నాను. దాన్నిక బతకనివ్వరు."

మార్టిన్ భార్య చీలిన గుడారం మడుస్తూ ఏడుస్తోంది. ఆర్విల్ ట్రైలర్‌కి తిరిగొచ్చాడు. స్నానాల గది తలుపు తీసి ఉంది. లవాన్ పళ్ళెం పట్టుకుని లోపల నిలబడి ఉంది.

"ఇది ఇక్కడెందుకుంది?"

అతను చెప్పాడు.

"తలుపులో పట్టదని నాకు మే నెలలోనే తెలుసు. నువ్వు తంటాలు పడుతుంటే కిటికీలోంచి చూసి నవ్వుకున్నా. పళ్ళెం ఎక్కడ పెడుతున్నావో అడగలేదు చూడు, నాకూ బుద్ధి లేదు." పళ్ళెం అతని చేతికిచ్చి, "వాళ్ళు వెళ్ళిపోతున్నారయ్యా" అంది.

చొక్కా తొడుక్కోవాలా వద్దా అని ఒక క్షణం ఆగాడు. తొడుక్కున్నాడు. పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని అందరి బల్లల ముందు నుంచీ నడిచాడు. అంచు మీద పంటి గాట్లు ఉన్నాయి.

"ఇది నాది. నా మెట్టు కిందే ఉంది. రోజూ అక్కడే పెడుతున్నాను."

షెల్బీ రాసిన కాగితం చింపేసింది.

"ఇప్పుడా చెప్పేది?" అన్నాడు మార్టిన్. "మా ఆవిడ ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డారు కదండీ."

"నిలబడ్డాను."

"చొక్కా ఇచ్చేయండి ఆర్విల్ గారూ" అంది షెల్బీ. విప్పి ఇచ్చాడు. పళ్ళేన్ని కడుగుదామని కుళాయి వైపు తిరిగాడు.

"ఉండండి, కడక్కండి" అందామె. "బోనులో ఎర పెట్టాలి. ఎలుగు మరిగిన వాసన ఇదేగా."

మధ్యాహ్నం చక్రాల మీద బోను వచ్చింది. ఆర్విల్ పళ్ళెం తనే అందించాడు. సాయంత్రం లవాన్ రొట్టె కోస్తుండగా, వాగు వైపు నుంచి బోను ఇనప తలుపు పడిన చప్పుడు వినిపించింది. ఇద్దరూ తల ఎత్తలేదు.

మర్నాడు ఇద్దరూ తమ సామాను సర్దుకున్నారు. పళ్ళెం లేని గ్రిల్లు ఎక్కడా తగలకుండా తలుపులోంచి లోపలికి వెళ్ళింది.