అయ్యగారి కోపం

నా చిన్నప్పుడు కొంతకాలం నేను ఆదివారానికి భయపడ్డాను. మిగతా పిల్లలు చీకటికో పాముకో భయపడేవారు. నాకు మాత్రం శనివారం పొద్దుగూకుతుంటేనే భయం మొదలయ్యేది. ఆ భయం ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా అన్న గురించి చెప్పాలి.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనకవైపు మా వాడ. ఒకప్పుడు మావాళ్లు కూలికి పోయిన పొలాల్లోనే ఆ ఫ్యాక్టరీలు లేచాయి. వాగు ఒకరోజు ఎర్రగా, ఇంకోరోజు ఆకుపచ్చగా పారేది. ఈ పూట ఏ రంగు అని పిల్లలం పందేలు వేసుకునేవాళ్లం. మా నాన్న నాకు ఊహ తెలియకముందే జ్వరంతో పోయాడు. ఇంట్లో అమ్మ, అన్న, నేను. అన్న నాకంటే చాలా పెద్ద, అప్పటికే మీసాలు వచ్చాయి. ఒక కంట్రాక్టరు కింద మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లించే పని చేసేవాడు. సాయంత్రం వచ్చి నన్ను ఎత్తుకుంటే ముక్కు పట్టుకునేదాన్ని. అమ్మ ఎంత ఉతికినా అతని చొక్కాకు ఆ మందు వాసన పోయేది కాదు.

మా తాత కాలంలోనే వాడ అంతా క్రైస్తవంలోకి వచ్చింది. సగం పెంకులు రాలిపోయిన మందిరం ఒకటి, దానికొక అయ్యగారు, పాస్టరును మేమలాగే పిలిచేవాళ్లం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడాయన. నవ్వగా మేమెవరం చూడలేదు. ప్రార్థనలో కళ్లు తెరిచిన పిల్లలను చివరిదాకా నిలబెట్టేవాడు. ఆయన చెప్పే దేవుడు కూడా అచ్చం ఆయనలాగే ఉండేవాడు. అన్నీ చూస్తాడు, ఏదీ మరచిపోడు.

ఫ్యాక్టరీలో మిషన్లు ఆగేది ఆదివారమే కాబట్టి ట్యాంకులు కడిగే పని ఆ రోజే పడేది. మా అన్నతో పాటు వాడ పిల్లలు కొందరు ఆ పనికి పోవడం మొదలుపెట్టారు. అయ్యగారికి అది మింగుడుపడలేదు. ఒక ఆదివారం వాక్యం చెబుతూ చెబుతూ ఆగి, ఆడవాళ్లు కూర్చునే వైపు తిరిగాడు.

"ఆదివారాన్ని అమ్ముకునేటోళ్లు ఈడ ఉన్నరు. దేవుడు ఊకుంటడనుకుంటున్నరు. ఊకోడు. ఓ దినం చెయ్యి జాపుతడు. ఆ దినం ఎంత ఏడ్సినా ఇనడు."

అమ్మ తల వంచుకుంది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అన్న నవ్వాడు. "అయ్యగారికేం, ఆయన మీద కంట్రాక్టరు లేడు. ఆదివారం రాకపోతే సోమారం నుంచి రావద్దంటడమ్మా" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారమే అది జరిగింది. "ఇయ్యాల పోకు బిడ్డా" అని అమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది. "జల్దీ ఒస్త" అన్నాడు అన్న. అమ్మ సద్ది కట్టి చేతికిచ్చింది. మేమిద్దరం మందిరానికి పోయాం.

అయ్యగారు ప్రార్థన చేస్తుండగా ఒకతను సైకిల్ మీద వచ్చి, చెప్పులు విప్పకుండానే లోపల అడుగుపెట్టాడు. నేను కళ్లు తెరిచే ఉన్నాను, అందుకే చూశాను. అమ్మ కూడా చూసింది. అతను ఇంకా నోరు తెరవకముందే అమ్మ లేచి నిలబడింది.

ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి ఎత్తిపోయడానికి అన్నను దింపారు. మూతికి కట్టుకోవడానికి దస్తీ తప్ప ఏమీ లేదు. నడుముకు తాడు లేదు. లోపల విషపు గాలి నిండి ఉంది. పిలిస్తే పలకలేదట. పైనున్నవాళ్లంతా వంగి చూస్తుంటే, అన్నతో కలిసి పనిచేసే బీహారు కూలీ ఒకతను తడిగుడ్డ మూతికి చుట్టుకుని దిగాడు. అతనికి మన భాష సరిగా రాదు. అన్నను 'భాయ్' అని పిలిచేవాడట. అన్నను భుజాన వేసుకుని సగం నిచ్చెన ఎక్కాడు. అక్కడ అతని చేతులు కూడా పట్టు తప్పాయి. ఇద్దరిలో ఎవరూ బతకలేదు.

అన్నను ఇంటికి తెచ్చినప్పుడు ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. పెదవులు మాత్రం నీలం. నేను ముట్టుకోబోతే ఎవరో నా చెయ్యి లాగేశారు.

ఆ తర్వాతి రోజులు నాకు ముక్కలుముక్కలుగానే గుర్తున్నాయి. బావి దగ్గర ఆడవాళ్లు గుసగుసలాడుకునేవారు. ఆదివారం పూట మందిరం ఇడిసిపెట్టి పోతే ఇంకేమైతది అని. క్రైస్తవంలోకి రాని మా పెదనాన్న హత్నూర నుంచి వచ్చి, "పోచమ్మను ఇడిసిపెడ్తిరి, గా తల్లి కోపం ఉత్తగ పోతదా" అన్నాడు. వాళ్ల దేవుళ్లు వేరు. కోపం మాత్రం ఒక్కటే, అది మా ఇంటి మీదే.

అమ్మ ఏడవలేదు. అన్న చొక్కా ఒకటి మేకుకు అలాగే వేలాడుతుండేది. గాలి వీచినప్పుడల్లా ఆ మందు వాసన ఇల్లంతా తిరిగేది. అన్న లోపలికి వచ్చినట్టే ఉండేది. తల తిప్పి చూసేదాన్ని. అమ్మ కూడా చూసేది. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని చూపులు దించుకునేవాళ్లం. అన్నం ముందు కూర్చుని చేతులు చూసుకుంటూ అమ్మ ఒకే మాట అనేది: "నేనే సద్ది గట్టిన."

ఆ మాట నా లెక్కను తేల్చేసింది. పనికి పోయినందుకు దేవుడు అన్నను తీసుకున్నాడు. సద్ది కట్టింది అమ్మ. అంటే వచ్చే ఆదివారం అమ్మ వంతు. ప్రతి ఆదివారం తెల్లవారగానే అమ్మ కొంగు పట్టుకుంటే పడుకునేదాకా వదిలేదాన్ని కాదు. మందిరంలో దేవుని ప్రేమ గురించి పాట పాడుతుంటే నేను పాడేదాన్ని కాదు. కళ్లు గట్టిగా మూసుకుని, మా ఇల్లు నీ కంట పడకూడదని ఆయననే వేడుకునేదాన్ని. ఎవరికి మొరపెట్టుకోవాలో ఆయన నుంచే దాక్కోవడం ఎలా ఉంటుందో ఆ వయసులోనే తెలుసుకున్నాను.

కొన్నాళ్లకు మా ఇంట్లో అన్న పేరున జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టారు. అయ్యగారు వచ్చి చాప మీద కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక బయట జీపు ఆగింది. కంట్రాక్టరు వచ్చాడు, తెల్లచొక్కాతో, బియ్యం బస్తా మోసుకొచ్చిన మనిషితో. పక్కింటివాళ్లు కుర్చీ తెచ్చి వేశారు. ఆయన అమ్మ వైపు తిరిగి ఎంతో మెత్తగా మాట్లాడాడు.

"ఏం జేస్తమమ్మా, దేవుని మర్జీ. మన చేతుల ఏముంది? ఆదివారం పనికి పోవద్దని మీ అయ్యగారు ఎన్నిమాట్ల జెప్పిండు. పోరడు ఇనలే. దేవుడు తీస్కపోయిండు." తర్వాత అయ్యగారిని చూసి, "మందిరం కప్పుకు రేకులు గీ నెలలనే దింపిస్త అయ్యగారూ, పరేషాన్ గావద్దు" అన్నాడు.

నేను అమ్మ వెనక నక్కి అయ్యగారినే చూస్తున్నాను. ఆయన ముఖంలో రక్తమంతా దిగిపోయింది. తన మాటే ఇంకొకరి నోట విన్న మనిషి ముఖం అది. తర్వాత మెల్లగా అడిగాడు.

"తాడు గట్టినవా?"

"ఏంది అయ్యగారూ?"

"పోరన్ని దించినప్పుడు నడుముకు తాడు గట్టినవా?"

"గవన్నీ సూపర్‌వైజర్ సూసుకుంటడు."

"ఆదివారం రాకుంటే పనిల నుంచి తీసేస్తనన్నది ఎవరు? దేవుడా?" అయ్యగారు లేచి నిలబడ్డాడు. "దేవుడు తీస్కపోలే. నువ్వు దింపినవ్. నీ పాపాన్ని ఆయన నెత్తిన రుద్దకు."

కంట్రాక్టరు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "మాట మంచిగ రానియ్యి" అని వెళ్లిపోయాడు. జీపు చప్పుడు దూరమైంది. అప్పుడు అమ్మ నోరు విప్పింది.

"మరి మీరు జెప్పిందేంది అయ్యగారూ? దేవుడు చెయ్యి జాపుతడని మీరే జెప్పలేదా? గా మాట చెవుల మోగుతుంటెనే సద్ది గట్టిన నేను. నా కొడుకును నా చేతులతోనే ఆయన కోపానికి అప్పజెప్పిన అనుకుంట బతుకుతున్న."

వాడ పెద్దలంతా ఉన్నారక్కడ. ఎవరికీ తల వంచని అయ్యగారు అమ్మ ముందు ఉత్త నేల మీద కూలబడ్డాడు.

"నా మాటను దేవుని మాట జేసిన బిడ్డా. నా కోపానికి ఆయన పేరు వెట్టిన. నువ్వు సద్ది గట్టింది నీ కొడుకు ఆకలికి. దాంట్ల పాపం లేదు. నన్ను మాఫ్ జెయ్."

అమ్మ ఆ రోజే మొదటిసారి ఏడ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

జనం వెళ్లిపోతుంటే అయ్యగారు వెనకవైపు నీళ్ల తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అవి ఏడుపు వల్లనో కోపం వల్లనో నాకు తెలియలేదు. ఆయనంటే వణికిపోయే నేను ఎలా అడిగానో ఇప్పటికీ ఆశ్చర్యమే.

"దేవునికి మా మీద కోపమా అయ్యగారూ?"

ఆయన తడి చేతులతోనే నా ముందు గొంతుకూర్చున్నాడు. "దేవునికి కోపం లేదని జెప్పను బిడ్డా. ఉంటది. మీ అన్నను ఎవడన్న కొడితే మీ అమ్మకు కోపం రాదా?"

"ఒస్తది."

"ఎందుకొస్తది? కొడుకు మీద పానం గనుక. పానం లేనోళ్లకు కోపం గూడ రాదు. ఊకె సూస్తరు. దేవునికి మీ అన్న మీద పానం. అందుకే కోపం. గా కోపం నీ దిక్కు సూస్తలేదు. నీ పక్కన నిలవడి, ఆ జీపు పోయిన దిక్కు సూస్తున్నది."

"మరి అన్న పోతుంటే ఎందుకు ఆపలే?"

దీనికి ఆయన దగ్గర జవాబు ఉంటుందనుకున్నాను. అన్నిటికీ ఉండేది కదా.

"తెల్వదు బిడ్డా" అన్నాడు. "గది నేను గూడ అడుగుతున్న. ఒక్కటి మాత్రం తెల్సు. పైన నిలవడి వంగి సూసినోళ్లల్ల ఆయన లేడు. గా బీహారాయన దిగిండు సూడు, గాడ ఉన్నడు. ఇన్నేండ్లు నేను దేవుణ్ణి ఎప్పుడూ పైననే ఎతికిన."

తర్వాతి ఆదివారం మందిరంలో అందరి ముందు తన తప్పు మళ్లీ ఒప్పుకున్నాడు. అన్న పేరుతో పాటు ఆ బీహారతని పేరు కూడా చదివాడు. దానికోసం కూలీల గదుల చుట్టూ తిరిగి కనుక్కున్నాడట. స్నేహితుని సమాధి దగ్గర యేసుప్రభువు ఏడ్చిన సంగతి చెప్పాడు. ఏడవడమే కాదు, చావు మీద కోపంతో ఉడికిపోయాడనీ, ఆ రెండూ ఒక్క గుండెలోంచే వచ్చాయనీ అన్నాడు. ఆ రోజు ఆయన గొంతు ఎక్కడా పెరగలేదు.

దాని ఖరీదు చిన్నది కాదు. రేకులు రాలేదు. ఆ వానాకాలం కప్పు కారుతుంటే మా మధ్యన గిన్నెలు పెట్టుకుని ప్రార్థన చేసుకున్నాం. కంట్రాక్టరు కింద పనిచేసే కొన్ని కుటుంబాలు మందిరానికి రావడం మానేశాయి. అయ్యగారు అమ్మను వెంటపెట్టుకుని ట్యాంకుల్లో దిగేవాళ్లకు రక్షణ కావాలని ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎండలో నిలబడేవాడు. కాపలావాళ్లు తోసేసినా మళ్లీ పోయేవాడు. చివరికి ఆ ఫ్యాక్టరీలో తాళ్లు, ముసుగులు వచ్చాయి. కంట్రాక్టరుకు ఏ శిక్షా పడలేదు. ఇంకోచోట పని పట్టాడని విన్నాం.

అమ్మ మెల్లమెల్లగా తినడం మొదలుపెట్టింది. ఒకరోజు మేకున ఉన్న చొక్కా తీసి ఉతికి ఆరేసింది. నా ఆదివారం భయం ఎప్పుడు పోయిందో గుర్తు లేదు. ఒక ఆదివారం అమ్మ కొంగు వదిలేసి పిల్లల్లో కూర్చున్నానని తర్వాత అమ్మే చెప్పింది. అయ్యగారు ఆ తర్వాత కూడా పాపం గురించి, తీర్పు గురించి బోధించాడు. తాగొచ్చి భార్యను కొట్టినవాణ్ని నిలబెట్టి కడిగేసేవాడు. కానీ ఇప్పుడు ఆ కోపం వింటుంటే, దెబ్బలు తిన్న మనిషి పక్కన ఎవరో నిలబడ్డట్టు అనిపించేది.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. ఇన్నేళ్ల తర్వాత కూడా మగతలో ఎవరో ఆ ట్యాంకులోకి వంగి అన్న పేరు పిలుస్తారు. జవాబు రాదు. ఎందుకు ఆపలేదని నేనింకా అడుగుతూనే ఉన్నాను. కొన్నిసార్లు గట్టిగానే. కానీ దాక్కుని అడగడం లేదు.

మొన్నామధ్య కిష్టారెడ్డిపేటలో మేముండే అపార్ట్‌మెంటు ముందు మురికి కాలువ పొంగింది. మూత తీశారు. ఒక కుర్రవాడు చొక్కా విప్పి, మూతికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. నేను కిందికి దిగి, ఆ గుంత పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. అందరూ చుట్టూ చేరారు. "ఏం గాదు ఆంటీ, దేవుడున్నడు" అన్నాడు సెక్రటరీ.

"ఉన్నడు. అందుకే చెప్తున్న. మిషన్ తెప్పియ్యిర్రి. వచ్చేదాంక ఎవ్వరూ దిగరు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా మనవడు సిగ్గుపడి పైకి వెళ్లిపోయాడు. ఆ రోజు మా ఇంటి వెనక అయ్యగారు నాకు చెప్పినదాంట్లో నా దగ్గర మిగిలింది ఈ కోపమే. నాలోకి అది ప్రేమ దారినే వచ్చిందని నా నమ్మకం.

ఎండ వాలాక మిషన్ వచ్చింది. ఆ కుర్రవాడు పొడి బట్టలతోనే ఇంటికి పోయాడు.